ఎమ్లిన్ వీపు తోమిన శనివారం

కుమ్ రెడిన్ లోయలో ఎమ్లిన్ ప్రాథెరోని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు వాళ్ళక్క మార్గెడ్, ఇంకొకరు మందిరం పాస్టరుగారు. మిగతా అందరికీ అతను తెల్లవీపు. ఒకప్పుడు బక్కవాళ్ళ తరగతిలో వేల్స్ మొత్తానికీ బాక్సింగ్ విజేత. బెల్టు పట్టుకుని రైలు దిగిన రోజున గని బ్యాండు స్టేషనుకి ఎదురెళ్ళింది. ఆ బ్యాండులో బూరా ఊదినవాళ్ళు కూడా ఇప్పుడు తెల్లవీపనే అంటారు. ఆ పేరు రావడానికి కారణం తనేనని మార్గెడ్‌కి తెలుసు. తెలిసీ ఇరవై రెండేళ్ళు నోరు మూసుకుంది. వీధిలో ఎవరి తప్పునైనా మొహంమీదే అనేసే మనిషి, ఆ ఒక్క సంగతి దగ్గర మాత్రం మూగదయ్యేది.

వాళ్ళ నాన్న గని కప్పు కూలి చనిపోయాడు. ఎమ్లిన్ పద్నాలుగేళ్ళకే గనిలోకి దిగాడు. రోజూ సాయంత్రం పొయ్యిముందు రేకు తొట్టిలో వాళ్ళమ్మ హన్నా వాడికి ఒళ్ళు తోమేది. మెడ, చేతులు, ఛాతీ, చెవుల వెనక మూల కూడా వదిలేది కాదు. వీపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. పొడిగుడ్డతో ఓసారి తుడిచి అంగీ తొడిగేది. మగవాడి బలమంతా వెన్నులో ఉంటుందనీ, నీళ్ళు తగిలితే సడలిపోతుందనీ, రేపు బొగ్గుముందు వంగలేడనీ ఆ లోయలో ప్రతి తల్లికీ తెలుసు. భార్యలకి అత్తలు నేర్పేవాళ్ళు. అందరి వీపులూ నల్లగానే ఉండేవి కాబట్టి ఎవరికీ వింతగా తోచేది కాదు.

ఎమ్లిన్ కొట్లాట నేర్చుకున్నది కొండమీద. మందిరం కళ్ళు పడని చోట గనివాళ్ళు వట్టి పిడికిళ్ళతో తలపడేవాళ్ళు. అక్కణ్ణుంచి తిరునాళ్ళ డేరాల్లోకి, అక్కణ్ణుంచి మంగలి ఒబదయా చేతికి వచ్చాడు. ఒబదయా తన కొట్టు పైగదిలో తాళ్ళు కట్టి కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పేవాడు. ఎమ్లిన్‌కి పెద్ద దెబ్బ లేదు, పొడుగూ లేదు. వాడికున్నది ఒక్కటే విద్య, తాళ్ళమీద వాలడం. ఎదుటివాణ్ణి మీదికి రానిచ్చి, వీపు తాళ్ళకి ఆనించి, అటూ ఇటూ ఊగుతూ వాడి దెబ్బలన్నీ గాలిలో పోయేలా చేసేవాడు. ఎదుటివాడు ఆయాసపడ్డాక తాడు విసిరినట్టే ముందుకొచ్చి రెండు దెబ్బలు కొట్టేవాడు. చాలేది. ఇరవై ఏళ్ళకే కార్డిఫ్‌లో బెల్టు గెలిచాడు. గెలిచిన మర్నాడు పొద్దున్నే గనిలోకి దిగాడు. బెల్టు బీరువాలో ఉంటుంది, పొయ్యిలోకి బొగ్గు కావాలిగా, అంది హన్నా.

మార్గెడ్ అప్పటికి లండన్‌లో పనిమనిషి. లోయలో ఆడపిల్లలకి ఇంకో బతుకు లేదు, పద్నాలుగు నిండితే రైలెక్కించి పంపేవాళ్ళు. మంచి ఇల్లే. ఎమ్లిన్‌కి మొత్తం బ్రిటన్ పట్టం కోసం లండన్‌లోనే పోటీ కుదిరిందని పేపర్లో పడ్డప్పుడు, భోజనాల దగ్గర అమ్మగారు ఆమెని పిలిచి అతిథులముందు తమ్ముడి గురించి అడిగింది. మార్గెడ్ పొంగిపోయింది. పచ్చిగుడ్లు తాగడం చెప్పింది, కొండ ఎక్కి దిగడం చెప్పింది, ఆ ఊపులో వీపు సంగతి కూడా చెప్పేసింది. బల్లంతా నవ్వింది. మా గుర్రాల్ని కూడా తోముతారమ్మాయ్ అన్నాడు ఒకాయన. ఈ వింత చూడాల్సిందే అని ఇంటాయనా ఆయనా ముందు వరసలో సీట్లు చెప్పుకున్నారు. మార్గెడ్ చేతిలో పులుసు గిన్నె పట్టుకుని నిలబడి, వాళ్ళతోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు ఆమెని చాలా ఏళ్ళు వదల్లేదు.

పోటీ సోమవారం. అంతకుముందు వారం సెలవడిగి ఇంటికొచ్చింది. శనివారం మధ్యాహ్నం హన్నా మందిరం ఊడవడానికి వెళుతూ, వాడికి నీళ్ళు నువ్వే పెట్టవే అని కూతురికి చెప్పి పోయింది. ఎమ్లిన్ తొట్టిలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వెనకనుంచి ఆ వీపు చూస్తే మార్గెడ్‌కి పొయ్యి వెనకగోడే గుర్తొచ్చింది.

"ముందుకి వంగరా," అంది.

"ఎందుకే?"

"వీపు కడుగుతా."

ఎమ్లిన్ నవ్వాడు. "అమ్మ నన్ను చంపి, తర్వాత నిన్ను చంపుతుంది. ఓడిపోతే ఒబదయా బాబాయి మిగిలింది చంపుతాడు."

"అమ్మకి తెలియనిస్తే కదా. నా మాట వినరా. ఆ దీపాల కింద నువ్వు ఈ వీపేసుకుని నిలబడ్డావంటే నేను ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకు తిరగలేను. మనల్ని పశువులకంటే హీనం అనుకుంటున్నారక్కడ."

ఎమ్లిన్ నవ్వు ఆపేశాడు. నీళ్ళకేసి చూశాడు. తర్వాత ముందుకి వంగాడు.

సబ్బుకి లొంగే మురికి కాదది. ఏడేళ్ళ బొగ్గు. బట్టల సోడా కలిపింది, కుంచె పట్టింది, లొంగలేదు. గుమ్మం పక్కన గడప రుద్దే ఇసకరాయి ఉంది. ఆ వీధిలో ఆడవాళ్ళు వారానికోసారి గడపని ఆ రాయితో రుద్ది తెల్లగా మెరిపిస్తారు, ఎవరి గడప మాసినా నలుగురూ చెప్పుకుంటారు. మార్గెడ్ ఆ రాయి తెచ్చింది. ఎమ్లిన్ పళ్ళు బిగపట్టాడు. చర్మం ఎర్రబడింది, అక్కడక్కడ తడితడిగా చెమ్మ ఊరింది. బొగ్గు లోపలికి పోయి మానిన పాత గాట్లు మాత్రం నీలంగా అలాగే ఉండిపోయాయి. వాటినీ వదిలిపెట్టలేదు. తమ్ముడి వీపు తోముతున్నానని మర్చిపోయింది, ఆ భోజనాల బల్లమీద నవ్వుని తోముతోంది.

"చాలే అక్కా," అన్నాడు ఎమ్లిన్ చివరికి. అప్పుడాగింది.

సోమవారం బరువు తూచేటప్పుడు కూడా వాడు బనీను విప్పలేదు. బరువు ఎలాగూ తక్కువే, ఎవరూ పట్టించుకోలేదు. మార్గెడ్ సాయంత్రం సెలవు తీసుకుని పైమెట్ల బల్లమీద లోయవాళ్ళ మధ్య కూర్చుంది. వాళ్ళు పాట అందుకుంటే తనూ కలిసింది. రింగులో పైఅంగీ తీసేసరికి ఒబదయా మొహం మాడిపోవడం అంత దూరంనుంచి కూడా కనిపించింది. పక్కన లోయవాళ్ళు పాట ఆపి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వీపు కడిగేశాడ్రా వీడు, అని ఎవరో మెల్లగా అన్నారు.

నాలుగు రౌండ్లదాకా బానే నడిచింది. అయిదో రౌండులో లండన్ కుర్రాడు మీదికొచ్చాడు, ఎమ్లిన్ ఎప్పటిలాగే వెనక్కి జరిగి తాళ్ళకి ఆనాడు. ఆనినవాడు కాలిన పెనం తగిలినట్టు ఎగిరి ముందుకొచ్చాడు. పీచుతాళ్ళవి, ఒరుసుకుంటే మంచి చర్మమే గీసుకుపోతుంది. తాళ్ళకి పో, తాళ్ళకి పో అని ఒబదయా గొంతు చించుకుంటున్నాడు. ఎమ్లిన్ పోలేదు. తనకున్న ఒక్క విద్యా వదిలేసి రింగు మధ్యలో నిలబడి, తనకంటే పొడుగువాడితో పదిహేనో రౌండుదాకా దెబ్బకి దెబ్బ తిన్నాడు. పడలేదు. పాయింట్ల లెక్కలో ఓడిపోయాడు. వాడు ఇటు తిరిగినప్పుడల్లా మార్గెడ్‌కి ఆ వీపు కనిపించింది, తోలు తీసినట్టు. లోయవాళ్ళేమో వెన్ను సడలిపోయింది పాపం అనుకుంటున్నారు. సడలింది వెన్ను కాదని ఆ హాలంతటిలో తనొక్కదానికే తెలుసు.

ఆ లండన్ కుర్రాడి వీపునిండా సెగ్గడ్డలు. ముందు వరసలో ఎవరూ నవ్వలేదు. అసలు ఎవరూ ఎవరి వీపూ చూడలేదు.

పోటీ అయ్యాక ఆమె బట్టలు మార్చుకునే గదికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఎవడ్రా కడిగింది, చెప్పు, అని ఒబదయా నిలదీస్తున్నాడు. అతని భుజం మీదుగా ఎమ్లిన్‌కి గుమ్మంలో అక్క కనిపించింది.

"నేనే కడుక్కున్నా బాబాయ్," అన్నాడు. "ఊరికే, సరదాపడ్డాను."

ఆ క్షణంలో ఒక్కమాట అనుంటే సరిపోయేది. మార్గెడ్ కోటు బొత్తాలు పెట్టుకుంది. ఆలస్యమైతే అమ్మగారు ఊరుకోదు అనుకుంటూ మెట్లు దిగిపోయింది. అమ్మగారు ఆ రోజు ఊళ్ళోనే లేదు.

వాడికి మళ్ళీ అలాంటి పోటీ రాలేదు. ఒబదయా వదిలేశాడు. రెండేళ్ళలో బెల్టు కూడా పోయింది. ఓ ఎండాకాలం తిరునాళ్ళ డేరాలో దారినపోయేవాళ్ళతో కొట్లాడాడు. తెల్లవీపుని కొట్టి చూడండి బాబూ అని డేరావాడు కేకలేసి జనాన్ని పిలిచేవాడట. తర్వాత మళ్ళీ గనే. హన్నా కొడుకుని ఒక్క తిట్టూ తిట్టలేదు. తొట్టిలో నీళ్ళు పెట్టేది, అద్దెకున్నవాడికి పెట్టినట్టు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇక వాడి ఒంటిమీద చెయ్యి వెయ్యలేదు. ఎమ్లిన్ తన ఒళ్ళు తనే తోముకున్నాడు, వీపు మాత్రం ముట్టుకోలేదు.

హన్నా మంచం పట్టినప్పుడు మార్గెడ్ లండన్ పని మానేసి వచ్చేసింది. ఆఖరి వారంలో ముసలామె, వాడు నా మాట అలా ఎందుకు తీసేశాడే అని అడిగింది. పోనీలే అమ్మా అని మార్గెడ్ దుప్పటి సర్దింది. మందిరంలో అందరికంటే గట్టిగా పాడే మనిషి, పక్కింటామె పాలచెంబు సరిగ్గా కడగలేదని వారం మాట్లాడని మనిషి, కన్నతల్లికి ఇచ్చుకున్న జవాబు ఆ దుప్పటి సర్దడమే.

ఆ తర్వాత గని దగ్గర స్నానాల గదులు కట్టారు. మగవాళ్ళు జట్లు జట్లుగా నిలబడి ఒకళ్ళ వీపు ఒకళ్ళు తోముకోవడం మొదలెట్టారు. ఎవడి వెన్నూ సడలిపోలేదు. పేరు మాత్రం ఎమ్లిన్‌ని వదల్లేదు.

బుధవారం సాయంత్రాలు మందిరంలో సాక్ష్యాల కూటం జరుగుతుంది. ఎవరికి తోచింది వాళ్ళు లేచి చెప్పుకోవచ్చు. మొన్న మార్చిలో సంఘపెద్ద హగ్గయి లూయిస్ లేచి, తల్లిమాట విననివాడి గతి గురించి చెప్పాడు. ఆ లోయలో ఆ మాటకి ఒకటే ఉదాహరణ. పేరు చెప్పక్కర్లేదు. అందరూ వెనక బల్లకేసి తిరిగి నవ్వారు, చెడ్డగా కాదు, అలవాటుగా. ఎమ్లిన్ కూడా నవ్వాడు.

ఆ నవ్వు మార్గెడ్ ఎరిగినదే. పులుసు గిన్నె పట్టుకుని తను నవ్వింది అలాగే.

లేచి నిలబడింది. ముందు బల్ల అంచు పట్టుకుంది.

"వాడి వీపు కడిగింది నేను," అంది. "వాడు వద్దన్నాడు. గడప రాయితో తోమాను, తోలు లేచిపోయింది, అందుకే తాళ్ళమీద వాలలేకపోయాడు. వెన్నూ కాదు, నీళ్ళూ కాదు. మా అమ్మ చచ్చిపోతూ అడిగినా చెప్పలేదు. మీరంతా వాడికి పెట్టిన పేరు నాది."

ఇలాంటప్పుడు ఆమెన్ అనాలో వద్దో పాస్టరుగారికి తోచలేదు. చివరికి హగ్గయి లూయిస్ గొంతు సవరించుకుని, "గడప రాయితోనా మార్గెడ్?" అన్నాడు. ఎక్కడో ఓ ఆడగొంతు కిసుక్కుమంది.

ఇంటిదారిలో ఎమ్లిన్ అక్కతో కొండ ఎక్కుతున్నాడు. బొగ్గుధూళి పట్టిన గనివాళ్ళ రొమ్ము, నాలుగు అడుగులకోసారి ఆగాలి. మూడోసారి ఆగినప్పుడు అన్నాడు.

"నిన్నెవరు చెప్పమన్నారే?"

"ఎవరూ చెప్పమనలేదు."

"ఇరవై రెండేళ్ళూ నీకోసం మోశాననుకుంటున్నావా?" ఊపిరి తీసుకున్నాడు. "వంగమంటే వంగాను కదా. ఎందుకు వంగాను? నువ్వు ఆ మాట అనకముందే నాకూ సిగ్గేసింది. కార్డిఫ్‌లో అద్దంలో చూసుకున్నప్పుడే వేసింది. అమ్మ చేతిపనికి సిగ్గుపడ్డానని అమ్మకెలా చెప్పను? సరదాపడ్డానంటే తేలిక."

మార్గెడ్ క్షమించరా అనే మాట మందిరంనుంచి నోట్లో పెట్టుకునే వస్తోంది. అది అక్కడే ఉండిపోయింది. ఇద్దరూ ఇంకో నాలుగు అడుగులు వేశారు.

"ఇకనైనా నిన్నలా పిలవరు," అంది.

"పిలుస్తారు," అన్నాడు ఎమ్లిన్. "నీకూ ఒకటి పెడతారు, చూడు."

శనివారం పొద్దున వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల దగ్గర మోకాళ్ళమీద ఉన్నారు. మార్గెడ్ కూడా బకెట్టు పక్కన పెట్టుకుని తన గడప రుద్దుతోంది. ఎదురింటి బ్లాడ్విన్, ముప్ఫై దాటని పిల్ల, తల ఎత్తకుండానే పలకరించింది.

"ఏం గడపరాయత్తా, పని అయిందా?"

వీధిలో చేతులన్నీ ఆగాయి. ఇంకో రోజైతే మార్గెడ్ ఆ పిల్ల ఏడుతరాలూ కడిగి ఆరేసేది. మొహం చెవులదాకా మండింది. లోపల కుర్చీలో ఎమ్లిన్ దగ్గు ఆపుకుని వింటున్నాడని ఆమెకి తెలుసు.

"ఇంకా ఉందే," అంది, రాయి నీళ్ళలో ముంచుతూ.