గత సంవత్సరపు ఆదాయం

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి గుడివాడలో బ్యాంకుకు వెళ్ళాను. స్టాంపు ప్యాడ్‌లో అప్పుడే సిరా పోశారేమో, ఆ వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. వేలికంటిన ఊదారంగు తుడుచుకుంటుంటే పక్క కౌంటరులో ఉద్యోగి చదువు అప్పు దరఖాస్తు తెచ్చిన ఒక తల్లితో, "ఈ ఏడాదికి కుదరదమ్మా, వచ్చే ఏడాది పెట్టుకోండి" అంటున్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ నాకు చెవులు వేడెక్కాయి. ఆ కోపం నాది కాదు. పోయి పదేళ్ళయినా నన్ను వదలని గ్రేసమ్మ గారిది.

గుడివాడలో నేను పనిచేసిన డిగ్రీ కాలేజీకి ఆవిడ ఆఫీసు సూపరింటెండెంటు. నేను స్కాలర్‌షిప్పుల సెక్షన్ గుమాస్తాను. 1993 నుంచి 2005లో ఆవిడ రిటైరయ్యేదాకా ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. దివిసీమలో ఒక పల్లెటూరి క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మచిలీపట్నంలో చదువుకున్న మనిషి. కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆవిడకు తగ్గేది. ఎంత తగ్గితే మేమంత భయపడేవాళ్ళం. చేరిన కొత్తలో ఒక దరఖాస్తు మీద నేను "సుమారు" అని రాస్తే కాగితం నా బల్ల మీదికి తోసి, "సుమారు అన్నది కూరలో ఉప్పుకమ్మా, పిల్లల స్కాలర్‌షిప్పుకి కాదు" అన్నారు. ఆ తర్వాత ఆ మాట నేను ఏ కాగితం మీదా రాయలేదు.

జూలై వచ్చిందంటే చుట్టుపక్కల బడిపంతుళ్ళు ఆదాయప్పన్ను రిటర్నులు రాయించుకోవడానికి ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. 2003లో అలా వచ్చినవారిలో నాంచారయ్య మాస్టారు ఒకరు. దివిసీమలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఎయిడెడ్ బడి పంతులు. చేపల వేట మీద బతికే కుటుంబంలో మొదట చదువుకున్నవాడు. ఆయన కూతురు పద్మ మా కాలేజీలో బీయస్సీ రెండో సంవత్సరంలోకి వచ్చింది. హాస్టల్లో ఉండేది. స్కాలర్‌షిప్పు వస్తేనే మెస్ బిల్లు కట్టగలిగేది, లేకపోతే ఇంటికే.

ఆయన పోస్టు అనుమతి కాగితం ఎక్కడో ఆగిపోయి, 2001 జూన్ నుంచి ఇరవై రెండు నెలలు జీతం రాలేదు. బడి మానకుండా, సెలవు రోజుల్లో తమ్ముళ్ళతో కలిసి పడవెక్కి ఇల్లు గడిపాడు. చివరికి 2003 మార్చిలో బిల్లు పాసయింది, మొత్తం ఒక్కసారే. సగం ఏప్రిల్లో ఇప్పించమని ట్రెజరీలో అడిగితే, మార్చి దాటితే బడ్జెట్ పోతుంది, తర్వాత మీ ఇష్టం అన్నారట. ఆకలి మీదున్నవాడు వద్దంటాడా? ఆ ఇరవై రెండు నెలల్లో పన్నెండే ఆ ఆర్థిక సంవత్సరానివి. తక్కిన పది అంతకు ముందు ఏడాదివి. కానీ అంతా ఒకే ఏడాదిలో పడింది. స్కాలర్‌షిప్పుకు చూసే ఆదాయం సరిగ్గా ఆ ఏడాదిదే.

పాత బాకీ జీతాన్ని ఏ ఏడాదిది ఆ ఏడాదికి పంచి చూపించడానికి పన్నువాళ్ళ దగ్గర ఒక ఫారం ఉంది. గ్రేసమ్మ గారు అది పూర్తి చేస్తుంటే నేను ఆగలేకపోయాను. మాస్టారూ, ముందు మండలాఫీసు నుంచి ఆదాయం సర్టిఫికెట్ తెచ్చుకోండి, రిటర్ను తర్వాత వేయండి, హెడ్‌మాస్టరు ఇచ్చే నెల జీతం కాగితం చూసి పన్నెండు నెలలకు లెక్కగట్టి వాళ్ళు రాసేస్తారు, బాకీ సంగతి అడగరు అన్నాను. గ్రేసమ్మ గారు కలం పక్కన పెట్టారు.

"కృష్ణవేణీ, ఆయన దొంగతనం చేశాడా?"

"లేదండీ."

"మరి దాక్కోమంటావేం?"

గొంతు అప్పటికే బాగా తగ్గింది. రిటర్ను ఆ నెలలోనే వేయించారు.

ఆగస్టులో దరఖాస్తులు మొదలయ్యాయి. మొదటి వారంలోనే నందివాడ వైపు నుంచి చేపల చెరువులున్న ఆసామి కొడుకు కొత్త మోటారు సైకిల్ మీద వచ్చి సర్టిఫికెట్ ఇచ్చాడు. చెరువుల మీద వచ్చేదానికి రిటర్నూ లేదు, కాగితమూ లేదు. కాబట్టి పేదవాడు. తెల్లకార్డు కూడా జతచేశాడు. గ్రేసమ్మ గారు ఆ కాగితాలను చాలాసేపు చూసి, తప్పు పట్టడానికి ఏమీ లేక సంతకం చేశారు. కలం పాళీ కాగితాన్ని చీల్చింది. మూడో వారంలో పద్మ వచ్చింది. మండలాఫీసువాళ్ళు రిటర్ను అడిగి, మొదటి పేజీలో మొత్తం చూసి, ఏ ఏడాదిది ఆ ఏడాదికి పంచిన రెండో పేజీ తిప్పకుండానే, ఆదాయం పరిమితి దాటిందని రాసిచ్చారట. ఆ పిల్ల ఏడవలేదు. కాగితం నా బల్ల మీద పెట్టి, మడత పోవడానికి అరచేత్తో సాపు చేస్తూ నిలబడింది.

మర్నాడే గ్రేసమ్మ గారూ నేనూ బయల్దేరాం. పామర్రులో బస్సు మారి, కూచిపూడి, చల్లపల్లి దాటి మాస్టారి మండలానికి వెళ్ళాం. మండలాఫీసులో అధికారి మంచి చొక్కా, మంచి మాట ఉన్న మనిషి. టీ తెప్పించాడు. కాగితం మీద ఉన్నదే చూస్తాం మేడమ్ అన్నాడు.

"రెండో పేజీ కూడా కాగితమేనండీ" అన్నారు గ్రేసమ్మ గారు.

చేతికొచ్చిన ఏడాదే తమకు లెక్కని అతనన్నాడు. ఆవిడ దరఖాస్తు తీసి ఒక గడి మీద వేలు పెట్టారు. "ఇక్కడ 'గత సంవత్సరపు ఆదాయం' అని ఉంది, 'గత సంవత్సరంలో వచ్చిన ఆదాయం' అని లేదు. ఈ పది నెలలూ ఏ సంవత్సరపువో పన్నువాళ్ళకే తెలిసింది. మీకెందుకు తెలియదు? ఇరవై రెండు నెలలు కడుపు మాడ్చి, బాకీ తీర్చిన రోజున మనిషికి షావుకారని పేరు పెడతారా?"

అతను నొచ్చుకోలేదు. నవ్వాడు. "ఎందుకండీ ఇంత ఆవేశం. ఈ ఏడాదికి అమ్మాయిని ఆపెయ్యమనండి. వచ్చే ఏడాదికి మాస్టారి ఆదాయం మామూలైపోతుంది, నేనే సంతకం పెడతాను."

ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. పొలం ఒక పంటకు బీడు పెట్టమని చెప్పినంత తేలికగా చెప్పాడు. గ్రేసమ్మ గారు టీ ముట్టుకోకుండా లేచారు.

తిరుగు బస్సులో పులిగడ్డ దాటాక నేను అనేశాను. "మీరు జూలైలో రిటర్ను వేయించకపోతే ఈపాటికి సర్టిఫికెట్ వచ్చేదండీ."

"వచ్చేది" అన్నారు. "అప్పుడు అతని ముందు కోప్పడే హక్కు నాకుండేది కాదు."

"హక్కు మెస్ బిల్లు కట్టదండీ."

ఆవిడ నా వైపు తిరగలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఆ రోజు నాకు ఆ అధికారి మీద ఎంత కోపం ఉందో ఆవిడ మీదా అంత ఉంది. తన నిజాయితీకి మూల్యం ఇంకొకరి పిల్ల చెల్లిస్తుంటే తల ఎత్తుకుని కూర్చోవడం ఏం గొప్పని లోపల తిట్టుకున్నాను. మెస్ బిల్లు మనమిద్దరం కడదామని సెప్టెంబరులో ఆవిడ అడిగితే ఒప్పుకున్నాను. నాంచారయ్య మాస్టారు ఒప్పుకోలేదు. ఇప్పటికే ఊరందరూ షావుకారంటున్నారు, ధర్మం తిన్నానని కూడా అనిపించుకోలేనమ్మగారూ అన్నాడు. దసరా సెలవులకు వెళ్ళిన పద్మ తిరిగి రాలేదు.

గ్రేసమ్మ గారు మాత్రం వదల్లేదు. సోమవారం వచ్చిందంటే సెలవు పెట్టి మచిలీపట్నం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి వచ్చేవారు. మోకాళ్ళ నొప్పి ఉండేది, మెట్లెక్కలేక గోడ పట్టుకునేవారు. ఆఖరికి ఉత్తరువు వచ్చింది. బాకీ జీతాన్ని ఏ ఏడాదిది ఆ ఏడాదికే లెక్కకట్టాలి, పద్మ అర్హురాలే అని. అది మా చేతికి అందింది 2004 మే నెలలో. అప్పటికి ఆ సంవత్సరపు స్కాలర్‌షిప్పుల నిధి మార్చితో ముగిసిపోయింది. మాస్టారికి జీతం మార్చిలోపు ఇచ్చెయ్యడానికి ఏ నిబంధన తొందరపడిందో, ఆ నిబంధనే ఇప్పుడు పిల్లకు ఇవ్వడానికి వీల్లేదంది.

జూన్‌లో పద్మ మళ్ళీ చేరింది, తన జూనియర్లతో కలిసి రెండో సంవత్సరంలో. తండ్రి ఆదాయం "మామూలైంది" కాబట్టి సర్టిఫికెట్ ఇట్టే వచ్చింది. అధికారి చెప్పింది చెప్పినట్టు జరిగింది. అదే నేను మింగలేకపోయాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల రొయ్యలు వొలిచే షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టింది. సంతకం చేస్తున్నప్పుడు వేళ్ళ చివరలు తెల్లగా పాలిపోయి కనిపించాయి. మాస్టారు నవ్వడానికి ప్రయత్నిస్తూ, "ఏడాదేగా అమ్మగారూ" అన్నాడు.

గ్రేసమ్మ గారి గొంతు దాదాపు వినబడలేదు. "ఏడాదే అని మీరనకండి మాస్టారూ. ఆ మాట వాళ్ళను అననివ్వండి."

ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. రెండేళ్ళ తర్వాత ఒకసారి నన్ను చూడటానికి ఆఫీసుకు వచ్చారు. అది జూలై నెల. నా ముందు ఒక ఎయిడెడ్ బడి పంతులు కూర్చుని ఉన్నాడు, అతనికీ బాకీ జీతం ఒక్కసారే వచ్చింది. ఆయన వెళ్ళాక ఆవిడ అడిగారు.

"ఏం చెప్పావమ్మా?"

"ముందు సర్టిఫికెట్ తెచ్చుకుని, తర్వాత రిటర్ను వేయమన్నానండీ."

తిడతారనుకున్నాను. ఆవిడ చేతిసంచీ ఒళ్ళోకి తీసుకున్నారు. "నేనైతే అలా చెప్పను" అన్నారు, మామూలు గొంతుతోనే. మళ్ళీ తనే, "నువ్వు మాత్రం అలాగే చెప్పు" అన్నారు.

నేను రిటైరయ్యేదాకా అలాగే చెప్పాను. ఇప్పటికీ ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే అదే చెబుతాను. సిగ్గుపడను. కానీ చెప్పిన ప్రతిసారీ ఆవిడను కాదన్నట్టే ఉంటుంది. నాకు పని నేర్పిన మనిషి మాట తప్పు కాదు. ఆ మాట విన్నందుకు పిల్ల చదువు పోయేలా చేసినవాళ్ళదే తప్పు. వాళ్ళను నేనింకా క్షమించలేదు.