తిరగేసిన ఉప్పు మూత

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఏసీ హోరులో నా గొంతు మీకు అందాలి. కరోనా వచ్చిన ఏడు ఎండాకాలం. అబుదాబిలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక తెలుగు అమ్మాయిగారింట్లో వంట చేసేదాన్ని. కిటికీ బయట ఇసుక పొగలా లేచి, ఎదుటి మేడలు నీళ్లలో నానుతున్నట్టు కనిపించేవి. పొద్దున్నో మధ్యాహ్నమో తెలిసేది కాదు.

ఆవిడ కంప్యూటర్లో లైబ్రరీ రాస్తోంది. వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే పనిముట్ల పెట్టెట. ఇది లేబుళ్లు అచ్చువేయడానికి. ఆ సాయంత్రమే ముదీరుకి, అంటే వాళ్ల మేనేజరుకి, చూపించాలి. కుదరకపోతే ఉద్యోగం, వీసా రెండూ పోతాయి. ఆమె వెనకే నేనూ సంచి సర్దుకోవాలి.

"ఖర్జూరం డబ్బాకి అరబీ పెట్టాను పిన్నీ. మందు సీసాకి ఇంగ్లీషు రావాలి, దానికీ అరబీయే వస్తోంది," అంది తల పట్టుకుని.

"ముందు తినండమ్మా. సీసా ఎక్కడికీ పారిపోదు."

మా అత్తగారు నేర్పిన అలవాటొకటి ఉంది నాకు. ఉప్పు వేయగానే డబ్బా మూత తిరగేసి పెడతాను, మళ్లీ వేయకుండా గుర్తు. ఊళ్లో ఒకటే పొయ్యి, ఒకటే గిన్నె. ఇక్కడ నాలుగు మంటలు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "పప్పులో ఉప్పు వేశావా?"

"వేశానండి. మూత తిరగేసే ఉందిగా."

"ఏ గిన్నెకి తిరగేశావ్?"

పులుసులో వేసి తిప్పిన మూత చూసి, పప్పులోనూ వేశాననుకున్నాను.

"రెండు గిన్నెలకీ ఒకటే మూతా!" అని నవ్వబోయి, ఎంగిలి చేత్తోనే లేచింది. "నేనూ అదే చేశాను పిన్నీ. భాష గుర్తుని అన్ని లేబుళ్లకీ కలిపి ఒకేచోట పెట్టాను. స్టాటిక్ అంటారు. పిలవగానే పలుకుతుంది, సుళువు కదాని."

"ఏ గిన్నె గుర్తు ఆ గిన్నె దగ్గరే పెట్టండి మరి."

"అలా దేనిది దానికే ఉంటే ఇన్‌స్టాన్స్ అంటారు. అయితే అన్నీ అలాగే మార్చెయ్యనా?"

"ఎందుకండీ? ఉల్లిపాయ తరగడానికి గిన్నెని అడుగుతామా ఏంటి! ఉప్పుకే అడగాలి."

"అంతే! సెంటీమీటర్లని అంగుళాలు చేసే లెక్క స్టాటిక్‌గానే ఉండనీ. భాష మాత్రం ఏ లేబులుది దానికే."

ఆమె వేళ్ల టకటకలు వింటూ పప్పులో ఉప్పు కలిపి, ఆ గిన్నె మూత మీద గుర్తుగా ఒక చెంచా పెట్టాను. పులుసు మూత మీద ఇంకోటి. అలాగే గోడకానుకుని కాసేపు కళ్లు మూశాను. లేచేసరికి గదిలో కంప్యూటర్లోంచి ముదీరు గొంతు, "ఖలాస్" అని అరబీలో, అంటే పని అయిపోయిందని, ఆపైన "చాలా బాగుంది" అని ఇంగ్లీషులో. బయట ఇసుక దిగి, కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆమె వచ్చి చల్లారిన పప్పన్నం రెండోసారి పెట్టించుకుంది.

మీ పొయ్యి మీద ఎన్ని గిన్నెలున్నా దేని రుచి దానికి నిలవాలి. తినేవాళ్లంతా చల్లగా ఉండాలి, మీ ఇల్లు కళకళలాడాలి.