వనజ ఇంట్లో రెండు కంప్యూటర్లు

మా గూడెంలో కంప్యూటర్ ఉన్న ఇల్లు ఒక్కటే. అది వనజది. అందులోనూ ఒకటి కాదు, రెండు.

వాటి గురించి చదివినవాణ్ణి నేను. కొత్తగూడెం బస్టాండు పక్కన పాత కాగితాల కొట్లో దొరికే కంప్యూటర్ పత్రికలు ఏరుకొచ్చి, అట్టలు ఊడిపోయేదాకా చదివాను. మౌస్ ముట్టుకోక ముందే నాకు వైరస్‌కీ స్పైవేర్‌కీ తేడా తెలుసు. ఒకటి ఇంట్లో పడి చేతికందింది నాశనం చేస్తుంది. రెండోది చూరు కింద నక్కి, లోపలి మాటలు విని బయటివాడికి చేరవేస్తుంది. ఇంత తెలిసినవాడికి పత్రికల దుమ్ము మిగిలింది. యంత్రాలు పోయి పోయి వనజ ఇంట్లో కూర్చున్నాయి.

వనజ మా మామ దూలయ్య కూతురు. నాకు మరదలు. చిన్నప్పుడు ఎండాకాలం ఇద్దరం తునికాకు కోయడానికి పోయేవాళ్లం. నేను చెట్టు కింద కూర్చుని ఏదో కాగితం ముక్క చదువుతుంటే, తన కట్టలు కట్టేసుకుని నా ఆకు కూడా కట్టి, "బావా, సదువైనంక మొయ్యి" అని ముందు నడిచేది. హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తి చేసింది. కొత్తగూడెంలో తెలుగు టైపింగ్ నేర్చింది. మేనబావను నేనొకణ్ణి ఉండగానే పవన్‌ను చేసుకుంది. పవన్ నాకు వరసకు అన్న. చండ్రుగొండ నుంచి కొత్తగూడేనికి ఆటో నడుపుతాడు. అతను ఏం చదివాడో నేను చెప్పను. చెబితే కుళ్లు అంటారు.

వనజ పని ప్రశ్నపత్రాలు టైప్ చేయడం. చుట్టుపక్కల ప్రైవేటు బళ్ల సార్లు చేత్తో రాసిన పేపర్లు తెచ్చిస్తే, తెలుగులో అచ్చుకు సిద్ధం చేసి ఇస్తుంది. ఇంట్లో కూర్చుని చేసే పనే, కానీ ఆషామాషీ కాదు. పరీక్షకు ముందు ఒక్క పేపరు బయటికి పొక్కితే చాలు, ఆ గడప మళ్లీ ఏ సారూ తొక్కడు. గూడెంలో మా వాళ్ల చేతికి తాళం చెవి ఇవ్వడానికే వెనకాడే సార్లు, పిల్లల పరీక్షలు మొత్తం తెచ్చి ఈమె చేతిలో పెట్టి పోతారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. నా చేతిలో ఎవరూ ఏదీ పెట్టలేదు.

మొదట్లో ఆమెకున్నది ఒకటే యంత్రం. ఆ ఏడాది గణేష్ సారు తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఎక్కింది. గణేష్ సారు అంటే చండ్రుగొండలో ఒక చిన్న బడి నడిపే కుర్రాయన, నా ఈడువాడే. పెన్‌డ్రైవ్ పెట్టీ పెట్టగానే ఫోల్డర్లన్నీ పేరుకే ఫోల్డర్లయ్యాయి. నొక్కితే తెరుచుకోవు, ఇంకో నాలుగు పుట్టుకొస్తాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా కొట్టినదంతా పోయింది. వనజ ఏడవలేదు. మళ్లీ మొదటి నుంచి కొట్టడానికి కూర్చుంది. నేను పోయి, "పెట్టంగనే దానంతటదే తెరుచుకునే ఆటోరన్ ఆపి ఉంటే ఇట్ల కాకపోయేది" అని చెప్పాను.

"ముందు చెప్తే సలహా అయ్యేది బావా," అంది తలెత్తకుండా.

మామ దూలయ్య గుమ్మంలో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. మా గూడేనికి కొత్తలు చేసే పెద్ద ఆయనే. మాకు కొత్త పంట ఏది వచ్చినా, మామిడికాయ గానీ చిక్కుడు గానీ, ముందు వేల్పుకూ చచ్చిపోయిన పెద్దలకూ పెట్టాలి. కొత్త పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోరు. పసిపిల్లలకు కూడా ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆకలైనా చేయి చాచరు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో తెల్వదు, ఎవడెవడి ఇండ్లు తిరిగొచ్చిందో తెల్వదు," అని గొణిగాడు మామ. "కొత్త పెట్టకుండ నోట్లె ఏసుకుంటే కడుపునొయ్యదా దానికి?"

"ఇది చిక్కుడుకాయ కాదే అయ్యా," అని వనజ విసుక్కుంది. తర్వాత కాసేపు కొట్టడం ఆపి ఎటో చూస్తూ కూర్చుంది.

ఆ నెలలోనే రెండో యంత్రం వచ్చింది. గణేష్ సారు బడిలో మూలన పడేసిన పాత డబ్బా. రంగు పాలిపోయి, ఫ్యాను గురక పెట్టేది. వనజ దాన్ని తుడిచి కిటికీ పక్కన పెట్టి ముసలమ్మ అని పేరు పెట్టింది. ముసలమ్మకు నెట్ తెచ్చే ఫోను తీగ లేదు. అందులో పని కాగితం ఒక్కటీ లేదు. ఉన్నది ఒక యాంటీవైరస్. వనజ తన యంత్రంలో నెట్ పెట్టినప్పుడల్లా దానికి కొత్త మందు దింపుకుని, ఇక్కడికి తెచ్చి పట్టేది. ఆ రోజు నుంచి ఇంటి కట్టుబాటు ఒకటే: బయటి నుంచి ఏది వచ్చినా, పెన్‌డ్రైవ్ గానీ సీడీ గానీ, ముందు ముసలమ్మకు కొత్త పెట్టాలి. ముసలమ్మ తిని బాగుంటేనే పేపర్లున్న యంత్రంలోకి. గణేష్ సారు పెన్‌డ్రైవ్ అయినా, పవన్ తెచ్చే పాటల సీడీ అయినా అంతే.

నా పత్రికల్లో ఈ పద్ధతికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను అవన్నీ కంఠతా చెప్పగలను. ఎవరడిగారు?

పవన్‌కు కుళ్లు ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు, ఆ దారిన నేను ముందే నడిచాను. గణేష్ సారు వచ్చినప్పుడల్లా గుమ్మం బయట చెప్పులు విప్పి, "వనజ గారూ" అని పిలిచేవాడు. గారూ! మా గూడెంలో ఆడమనిషిని ఎవరైనా గారూ అనడం మేం వినలేదు. పవన్‌ను రోజంతా జనం పిలిచేది "ఏయ్ ఆటో" అని. సాయంత్రం ఇంటికొస్తే పెళ్లాం గారు.

దానికి తోడు పాస్‌వర్డ్. పేపర్లున్న యంత్రానికి వనజ పాస్‌వర్డ్ పెట్టింది. అది పవన్‌కు కూడా చెప్పలేదు.

"మొగునికి కూడ చెప్పని మాట ఏందే అది?" అని ఒకరోజు నా ఎదుటే అడిగాడు.

"నీకు చెప్తే ఆటోల ఎక్కినోళ్లందరికీ తెలుస్తది. నీ నోరు నాకు తెల్వదా?"

నవ్వుతూనే అంది. పవన్ నవ్వలేదు. నేను నవ్వాను, అదింకా మంటెక్కించింది.

అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డాయి. బళ్లన్నీ పేపర్లు ఇచ్చేశాయి. వనజ కుర్చీలోంచి లేవడం లేదు. ఇంటి ముందు పందిరి మీద చిక్కుడు కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. మామ ఇంకా కొత్త పెట్టలేదు, అందుకని ఒక్క కాయ తెగలేదు. నేను ఆ పందిరి కింద కూర్చుని పత్రిక చదువుతున్నాను. లోపల ప్రింటర్ నడుస్తోంది. ఎవరో చుట్టాలు వచ్చారని వాళ్లమ్మ కబురు పెడితే వనజ ఉన్నపళంగా లేచిపోయింది. యంత్రం తెరిచే ఉంది.

అప్పుడు పవన్ వచ్చాడు. కిరాయి వదిలేసి మధ్యాహ్నం పూట ఇంటికి రావడం అతనికి అలవాటు లేదు.

"తమ్మీ, వనజ లేదా?"

"వాళ్లమ్మ పిలిస్తే పోయింది."

చొక్కాలోంచి ఒక సీడీ తీశాడు. దాని మీద పేరు లేదు. "నువ్వు గివన్నీ సదువుతవ్ కదా. ఇది పెడితే అదే ఎక్కుతదంట. ఆమె ఏం కొట్టినా, ఎవనికి ఏం రాసినా తెలుస్తదంట. నిజమేనా?"

"ఎవడిచ్చిండే?"

"జగదీష్. కొత్తగూడెంల నెట్ సెంటర్ పెట్టిండు సూడు, ఆయన. ఊరికేనే ఇచ్చిండు."

"తెలుస్తది, కానీ ఎవనికి తెలుస్తది? నీకు మెయిల్ ఉందా?"

"లేదు. జగదీషే సూసి నాకు చెప్తనన్నడు."

"అంటే ఆమె కొట్టే పేపర్లన్నీ ముందు జగదీష్ సదువుతడు. పరీక్షలప్పుడు గెస్ పేపర్లు అమ్మేది వాడే కదనే? ఇది ఎక్కించినవంటే వనజ పని పోతది అన్నా. ఇంత కష్టపడి తెచ్చుకున్న పేరు పోతది."

పవన్ సీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక క్షణం ఆగుతాడనే అనుకున్నాను. తర్వాత అతని మూతి వంకర తిరిగింది.

"నువ్వు గట్లనే అంటవ్ లే. నీ బాధేందో నాకు తెల్వదా? పిల్లను నాకిచ్చిన్రని ఇప్పటికీ పందిరి కింద కూసొని కుములుతున్నవ్."

నేను పత్రికలో తల దూర్చాను. అక్షరం కనబడలేదు. పవన్ వేలాడే చిక్కుడు గుత్తిని చేత్తో జాగ్రత్తగా పక్కకు తప్పించి లోపలికి పోయాడు.

గుమ్మంలోంచి అంతా కనబడుతోంది. ఎదురుగా వనజ యంత్రం, తెర వెలుగుతూ, పేపర్లన్నీ లోపల పెట్టుకుని, ఏ పాస్‌వర్డూ అడగకుండా కూర్చుంది. ఫోను తీగ కూడా తగిలించే ఉంది. దొంగకు తలుపు తీసి పెట్టినట్టు. పవన్ నేరుగా కిటికీ పక్కకు పోయాడు. ముసలమ్మ మీది గుడ్డ తీసి పక్కన మడత పెట్టాడు. మీట నొక్కాడు. ఫ్యాను గురక మొదలయ్యేదాకా నిలబడ్డాడు. సీడీ అందులో పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగింది. ఇతను చేస్తున్నది దొంగతనం. దొంగసరుకు కూడా కొత్త పెట్టకుండా లోపలికి తేలేడు. పుట్టినప్పటి నుంచి చేయి అట్లా అలవాటైంది. కళ్లు మూసుకుపోయేంత కుళ్లులో కూడా ఆ చేయి దాని దారిన అది పోయింది. తను ఏం చేస్తున్నాడో అతనికి తెలియలేదు.

కాసేపటికి ముసలమ్మ కీచుమని అరిచింది. తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి లేచింది. పవన్ కంగారుగా మౌస్ తిప్పాడు. పెట్టె పోలేదు. కరెంటు తీగ పీకడానికి వంగాడు. అప్పుడే వనజ నా పక్క నుంచి లోపలికి పోయింది.

"ఏం సీడీ అది?"

"పాటలు."

"పాటలకు ముసలమ్మ గిట్ల మొత్తుకుంటదా?"

వనజ వంగి ఎర్ర పెట్టెలో రాసింది చదివింది. వెనక్కి తిరిగి, తెరిచి వదిలేసి పోయిన తన యంత్రాన్ని చూసింది. ఏం తప్పిపోయిందో అర్థమైంది. చేయి చాచి ముందు ఫోను తీగ పీకేసింది.

"కొట్టిన మీటలన్నీ రాసుకునే సీడీ ఇది. ఎవడిచ్చిండు?"

"జగదీష్."

"గెస్ పేపర్ల జగదీషా? ఊరికే ఇచ్చిండా?" అంది వనజ. "అవ్, వాడెందుకు ఊరికే ఇయ్యడు. ఇయ్యాల ఇది నా యంత్రంల పడి ఉంటే, రేపు పదో తరగతి పేపర్లన్నీ వాని కొట్లె ఉండేటివి. దొంగ ఎవరంటే వనజ అందురు. గూడెపోళ్లకిస్తే గింతే అందురు. ఏం కావాల్నయ్యా నీకు?"

"ఆ సారుతోని ఏం మాట్లాడుతున్నవో సూద్దామని," అన్నాడు పవన్ నేల చూస్తూ.

తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకున్నాను, వెళ్లగొట్టాలనీ. వనజ సీడీ బయటికి తీసి రెండు ముక్కలు చేసింది. మూలన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి తన కుర్చీ పక్కన వేసింది.

"సూడాలె కదా? కూసో. దొంగసాటున ఎందుకు, పక్కన కూసొని సూడు. మెయిల్ కూడా నీ ముందటే తెరుస్త. కానీ ఇక్కడ సూసింది ఆటోల చెప్పినవో, నీ నాలుకకు పాస్‌వర్డ్ పెడత."

పవన్ కూర్చున్నాడు. వనజ ఏడో తరగతి సాంఘిక శాస్త్రం కొట్టసాగింది. కింది ఖాళీలను పూరింపుము. జతపరుచుము. పవన్ కాసేపు బిగుసుకుని కూర్చున్నాడు. తర్వాత కళ్లు మూతలు పడ్డాయి. తర్వాత, "ఏయ్, గోదారి పుట్టేది త్రయంబకంల కదా, నాకు తెలుసు గిది," అని లేచి కూర్చున్నాడు. వనజ నవ్వింది. ముసలమ్మ మీద కప్పే గుడ్డ ఇంకా మడత పెట్టినట్టే ఉంది.

మర్నాడు గణేష్ సారు వచ్చాడు. వనజ దాచలేదు. జరిగిందంతా చెప్పింది, పేపర్లు ఎక్కడికీ పోలేదని ముసలమ్మ తెర చూపించింది. ఆయన ముక్కలైన సీడీని చాలాసేపు తిప్పి చూశాడు. తర్వాత లోపలున్న రెండో కుర్చీ వైపు తిరిగి, "మంచి పని చేసినరు పవన్ గారూ, ముందు దాంట్లో పెట్టి," అన్నాడు. మిగతా పేపర్లు కూడా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి పోయాడు.

పవన్ గారు! ఆ రోజంతా అతని ఆటో హారన్ గూడెం దాకా వినబడింది.

ఇది జరిగాక మామ చిక్కుడు కొత్త పెట్టాడు. అందరం తిన్నాం. పవన్ ఇప్పుడు కిరాయి లేనప్పుడల్లా ఆ కుర్చీలో కూర్చుంటాడు. వనజ కొడుతుంటే చేతిరాత పేపరు చదివి వినిపిస్తాడు. నాకంటే ఎక్కువ తప్పులు చదువుతాడు. ఆమె దిద్దుతుంది.

నేనూ ఒక పెన్‌డ్రైవ్ కొనుక్కున్నాను. నేను రాసుకున్నవి ప్రింటు తీయించుకుందామని మొన్న తీసుకుపోయాను. నా పత్రికల్లో ఉన్న జాగ్రత్తలన్నీ పాటించి నింపిన పెన్‌డ్రైవ్ అది. వనజ తలెత్తలేదు.

"ముందు ముసలమ్మకు పెట్టు బావా," అంది.

కిటికీ పక్కకు పోయి గుడ్డ తీసి మడత పెట్టాను. అక్కడ కుర్చీ లేదు. ముసలమ్మ గురక పెట్టి లేచేదాకా నిలబడే ఉన్నాను. వెనక ఆ ఇద్దరూ ఎనిమిదో తరగతి తెలుగు పేపరులో ఏదో మాట దగ్గర నవ్వుకుంటున్నారు.