దొంగ వద్దనుకున్న వ్యాఖ్యానం

ఈ ఉదయం మా పద్యగోష్ఠి క్లౌడ్ ఖాతాలో దొంగ పడ్డాడు. మలక్‌పేట ఆచార్యులుగారూ నేనూ ఏళ్ల తరబడి రాసుకున్న వ్యాఖ్యానాలు అందులో చెరొక ఫోల్డరులో ఉన్నాయి. దాని పాస్‌వర్డు మా ప్రార్థన పద్యంలోని తొలి పాదమే. ఆ పద్యాన్ని ప్రతి సభలోనూ గొంతెత్తి చదువుతాము, ఆ వీడియోలను లోకమంతటికీ పంచుతాము.

నా ఫోనుకు వచ్చిన హెచ్చరికను, క్లౌడ్ భద్రతే ఉద్యోగమైన మా కోడలు చూసింది. టిఫిను పక్కకు జరిపి, ఆ అపరిచితుణ్ణి ఖాతానుంచి వెళ్లగొట్టి, పాస్‌వర్డు మార్చివేసింది.

"ఏం పోయింది బిడ్డా?" అన్నాను.

"ఆచార్యులు సార్ ఫోల్డర్ మొత్తం డౌన్‌లోడ్ చేసిండు మామయ్యా. మీది గట్లనే ఉంది, ఫికర్ చేయకుండ్రి."

నా ఫికరు అక్కడే మొదలైంది. చోరుడికి సైతం ఆయన వ్యాఖ్యానమే రుచించిందా!

"తొందరపడ్డవేమో బిడ్డా. జర ఆగితే నాది గూడ తీసుకపోతుండె."

ఎవరు ఏది తెరిచారో చూపే లాగ్‌ను పరిశీలించి ఆమె నవ్వు ఆపుకుంది.

"లే మామయ్యా. ముందుగాల మీదే తెరిచిండు. చూసి బయటికొచ్చి, గప్పుడు సార్‌ది తీసుకుండు."

మధ్యాహ్నం ఆచార్యులుగారు ఫోను చేసి, తమ గ్రంథం చోరీ అయిందని పరమానందంగా విలపించారు. ఓదార్చవలసిన వాణ్ణి నేనే అయ్యాను.

మిత్రులారా, నా వ్యాఖ్యానాన్ని మీకందరికీ లోగడే పంపాను. చివరిదాకా చదివినవారు ఒక్కరున్నా, ఆచార్యులుగారికి కనబడేలా ఇక్కడే ఒక మాట రాయండి.