ఒక్కడే విప్పిన ఫిల్టరు

ఉదయం ఆరుంపావుకి కారు స్టార్టయింది. అరనిమిషం బాగానే తిరిగి, దగ్గినట్టు రెండుసార్లు ఊగి ఆగిపోయింది. కామా మాస్టారు మళ్లీ తాళం తిప్పారు. మళ్లీ అంతే. మూడోసారి అదీ లేదు. స్టార్టరు గిరగిరా తిరిగిందే గాని ఇంజను పలకలేదు.

వరండా మెట్టు మీద ఆయన భార్య సంచీ, దుప్పటి, ఆస్పత్రి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కిడ్నీలు పనిచెయ్యడం మానేసి ఏడాదిన్నర అయింది. వారానికి మూడుసార్లు ఆమె రక్తాన్ని మిషనుతో శుభ్రం చేయించాలి. ఏడున్నర దాటితే ఆ మిషను వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. మొన్నటిసారి బీపీ పడిపోయి మధ్యలోనే ఆపేశారు కాబట్టి ఇవాళ తప్పిందంటే ఏమవుతుందో డాక్టరు ముందే చెప్పాడు. ఆమె పాదాలు అప్పటికే చెప్పుల్లో పట్టడం లేదు. నాలుగు మాటలు మాట్లాడితే ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది.

మాస్టారు పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ముప్పై ఒక్క ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. కామా ఒకటి తక్కువైతే పేజీ మొత్తం వెనక్కి పంపేవారు కనక ఆ పేరొచ్చింది. అక్కడే ఆమె కూడా పనిచేసేది. రాతప్రతి ఆమె పైకి చదివేది, ఆయన ప్రూఫు మీద వేలు పెట్టి వెంట వచ్చేవారు. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. ఒక్కడే రెండూ చేస్తే కన్ను తనకి నచ్చింది చదువుకుంటుందని ఆయనే కొత్తవాళ్లకి చెప్పేవారు. పెళ్లయ్యాక ఆ అలవాటు ఇంట్లో అన్నిటికీ పాకింది. ఇరవై మూడేళ్ల ఈ డీజిల్ కారుకి కూడా. నూనె మార్చినా, బెల్టు బిగించినా, పుస్తకంలో రాసుకున్న వరసని ఆమె స్టూలు మీద కూర్చుని చదివేది, ఆయన కారు కింద నుంచి "అయింది" అనేవారు. పక్కింటివాళ్లకి అదో తమాషా. మెకానిక్ అయితే, "మీ ఇద్దరూ కలిసి నా పొట్ట కొడుతున్నారు మాస్టారూ" అని నవ్వేవాడు.

ఆ మెకానిక్‌కి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. టాక్సీ స్టాండు వాడు ముప్పావుగంట పడుతుందన్నాడు. సరే, రమ్మన్నారు. రమ్మన్నారే గాని లెక్క కుదరడం లేదు. టాక్సీ వచ్చేసరికి ఏడు దాటుతుంది, ఆస్పత్రికి అరగంట ప్రయాణం.

బానెట్ ఎత్తారు. బ్యాటరీ తీగలు కదిపి చూశారు, గట్టిగానే ఉన్నాయి. ఇంజను వేడెక్కుతోందని చూపే దీపం వెలిగి ఆరుతోంది, అదీ సరిగానే ఉంది. ఫిల్టరు మీది చేతిపంపు నొక్కారు. గట్టిపడాల్సింది మెత్తగా లోపలికి పోతోంది. దాని పక్కనున్న చిన్న స్క్రూ వదులు చేస్తే డీజిల్‌తో పాటు బుడగలు వచ్చాయి. డీజిల్ ఇంజనుకి ఇంతకంటే శత్రువు లేదు. గొట్టంలో గాలి చేరితే ఎంత తిప్పినా లాభం లేదు. బుడగలు పోయేదాకా పంపు కొట్టి, స్క్రూ బిగించి తాళం తిప్పారు. అరనిమిషం తిరిగి ఆగిపోయింది. గాలి మళ్లీ ఎక్కణ్ణుంచో పీలుస్తోంది.

ఎక్కణ్ణుంచో ఆయనకి లోపల తెలుసు. నిన్న మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు, బాగా నడుస్తున్న కారుకి ఫిల్టరు మార్చారు. నాలుగు నెలల గడువు ఇంకా ఉంది. ఊరకున్నంత ఉత్తమం లేదన్న సామెత ఆయనకి తెలియనిది కాదు. అయినా ముందుజాగ్రత్త అని తనకి తాను చెప్పుకున్నారు. మార్చాక రెండు నిమిషాలు నడిపి చూశారు, చప్పుడుకి ఆమె లేస్తుందని ఆపేశారు. ఇప్పుడు కొత్త ఫిల్టరుని ఇంకో చుట్టు బిగించారు. పంపు మెత్తగానే ఉంది. మరో చుట్టు బిగించబోతే చెయ్యి జారి వేలి కణుపులు చీరుకున్నాయి. ఆరూ నలభై.

"నిన్న దీన్నేమన్నా విప్పారా?" అని ఆమె మెట్టు మీద నుంచే అడిగింది.

"లేదు."

"చొక్కా డీజిల్ కంపు కొడుతుంటే చూశాను."

ఆయన బట్టతో చేతులు తుడుచుకున్నారు. ఎంతసేపు తుడిచినా ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఫిల్టరు మార్చాను" అన్నారు చివరికి.

"పుస్తకం ఇలా ఇవ్వండి."

"ఇప్పుడు చదవడానికి టైమెక్కడుంది? ఆయాసపడతావు."

"ఇవ్వండి ముందు."

కారు అరలోంచి తెచ్చి ఇచ్చారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పేజీ తిప్పి, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ చదివింది.

"పాత ఫిల్టరు విప్పాలి."

"అయింది."

"పాత రబ్బరు రింగు... దాంతో పాటు ఊడి వచ్చిందో లేదో... చూడాలి."

ఆయన నోట "అయింది" రాలేదు. పాత ఫిల్టరుని నిన్నే సంచిలో కట్టి చెత్తబుట్టలో వేశారు. పరుగున వెళ్లి తీసి చూశారు. దాని అంచున రింగు లేదు. అచ్చులో ఒకే మాట రెండుసార్లు పడితే ఆమడ దూరం నుంచి పట్టేసే మనిషి, రింగు మీద రింగు వేసి బిగించారు. కొత్త ఫిల్టరు విప్పి, పైన అది బిగిసే చోట వేలితో తడిమితే పాత రింగు నల్లగా అతుక్కుని ఉంది. గోటితో లాగేశారు. కొత్త రింగుకి డీజిల్ రాసి, చేత్తో బిగించి, పంపు కొట్టారు. పదిహేనో దెబ్బకి అది రాయిలా గట్టిపడింది.

ఇంజను పట్టుకుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు చూశారు. ఆగలేదు. టాక్సీ వాడికి వద్దని చెప్పి, ఆమెని దాదాపు ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఆయన చెవి ఇంజను మీద, కన్ను గడియారం మీద ఉన్నాయి. ఆమె కళ్లు మూసుకుంది. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఆమె ఛాతీ కదులుతోందో లేదో చూశారు.

ఏడూ ఇరవై ఆరుకి చేరారు. "ఇంకో నాలుగు నిమిషాలైతే ఇచ్చేసేవాళ్లం సార్" అంటూ నర్సు ఆమెని మంచం మీదికి చేర్చి సూదులు గుచ్చింది. ఎర్రటి గొట్టాలు నిండి, మిషను తిరగడం మొదలైంది. అప్పుడుగాని మాస్టారు కుర్చీలో కూలబడలేదు.

కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది.

"నిన్న నన్నెందుకు లేపలేదు?"

"నీరసంగా పడుకున్నావు కదాని."

"ఇంతకంటే నీరసంగా ఉన్నప్పుడు కూడా చదివాను."

ఆయన తల దించుకున్నారు. వేలి కణుపుల మీద నెత్తురు ఎండి నల్లబడింది. ఆ మాట చెప్పకూడదనే ఇంతసేపూ అనుకున్నారు, కాని దాచే ఓపిక అయిపోయింది.

"నువ్వు లేకుండా చెయ్యగలనో లేదో చూసుకుందామనుకున్నాను" అన్నారు. అని, ఏడుపు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఆమెకి కోపం రాలేదు. సూదులు లేని చేత్తో ఆయన చెయ్యి తీసుకుని, దెబ్బ తగలని వేలు చూసి పట్టుకుంది.

"నేర్చుకోవాలండీ. నేర్చుకోకపోతే ఎలా?" అంది. "కాకపోతే నేనుండగా నేర్చుకోండి."