మా మామ కట్టిన రాజు వేషం

మా మామ పోయారన్న కబురు ఎస్టీడీ బూత్‌కు వచ్చింది. బూత్ నడిపే ఆయన సైటు దాకా నడిచి వచ్చి, "చెల్లె, మీ ఊరికెళ్లి ఫోనొచ్చింది. మీ మామ పొద్దున లేవలేదంట" అని నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ఇసుక జల్లిస్తున్నాను. మా ఆయన మూడో అంతస్తు మీద ఉన్నాడు. కింది నుంచి అరిచి చెప్పే మాట కాదది. మెట్లెక్కి పోయాను. నా ముఖం చూసి ఆయనే, "నాయినా?" అన్నాడు. తల ఊపాను.

మాట్లాడమంటే నాకు నోరు రాదు. ఐదో తరగతి దాకా నేర్చిన రాతే కొంత నయం. అందుకే మామ గురించి ఇలా రాస్తున్నాను.

మాది పాలమూరు వైపు. నా పెళ్లయిన ఏడాదే ముగ్గురం కొండాపూర్ వచ్చాం. ఎటు చూసినా గుట్టలు పగలగొట్టే చప్పుడు, లారీల దుమ్ము. హైటెక్ సిటీ లేస్తోంది, దాని చుట్టూ అన్నీ లేస్తున్నాయి. కట్టే బిల్డింగు పక్కనే మా రేకుల ఇల్లు. మా ఆయన మేస్త్రి పని నుంచి చిన్న కాంట్రాక్టుల్లోకి దిగాడు. మామ స్లాబులకు నీళ్లు కొట్టేవారు.

వయసులో ఉన్నప్పుడు మామ భాగోతాల్లో రాజు వేషం కట్టేవారు. అన్నను చంపి గద్దెనెక్కిన తమ్ముడి కథ. ఆ సంగతి తెలిసిన మంత్రిని చంపిస్తాడు, స్నేహితుణ్ని చంపిస్తాడు, ఎదురు చెప్పిన సొంత కొడుకును కూడా చంపిస్తాడు. ఆఖరున ఖాళీ సభలో కిరీటం పెట్టుకుని ఒక్కడే కూర్చుంటాడు. ఆట ఆడిన మర్నాడు ఊరి ఆడవాళ్లు తనకు పాలు పోసేవాళ్లు కాదని మామ గొప్పగా చెప్పుకునేవారు. గొంతు పోతుందని ముసలితనంలోనూ చల్లటి నీళ్లు ముట్టలేదు. పైపు పట్టుకుని స్లాబు తడుపుతూ పద్యం ఎత్తుకుంటే తట్టలు మోసే ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

"ఓ రాజా, జర మా బిందెల గిన్ని నీళ్లు పొయ్యరాదు?"

"రాజ్యమన్న ఇస్త గని నీళ్లియ్య. ముందు సిమెంటు తాగాలె" అనేవారు.

ఒకసారి అన్నం పెడుతూ అడిగాను. "ఆ రాజు అంత చెడ్డోడా మామా?"

"చెడ్డోడు కాదు బిడ్డా, జల్ది పడ్డోడు. అన్నకు పిల్లలు లేరు. గద్దె యాడికి పోతది? జర ఆగితే ఆయనకే వస్తుండె. ఆగుడు శాతకాలే." ముద్ద కలుపుతూ, మెల్లగా, "ఆ కత్తి చేతిల వట్టుకుంటే నాకు గుడ గట్లనే అయితుండె. ఇగ ఆగొద్దు అనిపిస్తుండె. గదే భయం" అన్నారు.

మా బిల్డరు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఒకరోజు మా ఆయన్నూ పక్క బ్లాకు మేస్త్రినీ పిలిచి, "ఇద్దరూ బాగానే చేస్తున్నారండి. పై స్లాబు ఎవరు ముందు వేస్తే వెనకాల లేచే బ్లాకులన్నీ వాళ్లకే" అన్నాడు.

ఆ మాటతో మా ఆయన వేరే మనిషయ్యాడు. పళ్లెం ముందు కూర్చుని కూడా పక్క బ్లాకు వైపే చూసేవాడు. కూలీకి జ్వరమన్నా వినేవాడు కాదు. నన్ను పేరు పెట్టి పిలవడమే మరిచిపోయాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాలని ఉండేది. కానీ ఆయన వచ్చినంత వేగంగానే వెళ్లిపోయేవాడు.

పై స్లాబు వేయాలంటే రేకులు, కర్రలు కావాలి. మాకున్నవన్నీ కింది స్లాబును మోస్తున్నాయి. ఆ స్లాబు ఇంకా పచ్చిది, అవి తీస్తే కూలినా కూలొచ్చు. ఒక మధ్యాహ్నం మా ఆయన గడ్డపార పట్టుకుని వచ్చి, "కర్రలు పీకుండ్రి" అన్నాడు. కింద నీడకు పిల్లలను పడుకోబెట్టిన ఆడవాళ్లు వాళ్లను ఎత్తుకుని బయటికి ఉరికారు. కూలీలు కదలలేదు.

"ఏంది చూస్తున్నరు? ఏం గాదు, నేనున్న గద!"

మామ పైపు కింద పడేసి స్లాబు కిందికి నడిచారు. నడిమి కర్రకు వీపు ఆనించి కూర్చున్నారు.

"నాయినా, బయటికి రా."

"వస్త. నువ్వు గడ్డపార కింద వెట్టు."

"పక్కోడు రేకులు, కర్రలు ఇంకో సెట్టు కిరాయికి తెచ్చిండు. మనకు యాడికెళ్లి వస్తది?"

"రాకుంటె ఆగుదాం."

"ఆగితె పోతది!"

"పోనీరా."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన ముఖం నల్లబడింది. "నేను ఎప్పటికీ తట్టలు మోసుకుంటనే బతకాలె. గంతే గద నీకు కావల్సింది?"

మా ఆయన అంచున ఉన్న కర్రను గడ్డపారతో కొట్టాడు. కర్ర జరిగింది. పైనుంచి సన్నటి పొడి మామ తల మీద రాలింది. ఆయన తుడుచుకోలేదు.

నా చేతిలో మామకని తెచ్చిన చాయ్ ఉంది. లోపలికి పోయి ఇచ్చాను. తిరిగి రాలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని పక్కనే కూర్చున్నాను.

"నువ్వు పో బిడ్డా" అన్నారు మామ గుసగుసగా. నేను పోలేదు.

మా ఆయన మళ్లీ గడ్డపార ఎత్తాడు. ఎత్తి అలాగే ఉన్నాడు. ఆ కళ్లు మా ఇద్దరినీ దాటి దేన్నో చూస్తున్నాయి. చాలాసేపటికి అవి దిగి వచ్చి మామ మీద, తర్వాత నా మీద నిలిచాయి. ఆయన గడ్డపార విసిరేసి రోడ్డు వైపు వెళ్లిపోయాడు. మామ చాయ్ తాగబోతే గ్లాసు పళ్లకు తగిలి టకటకమంది. ఆయనా భయపడ్డారని నాకు అప్పుడే తెలిసింది.

వెనక బ్లాకులు పక్క మేస్త్రికి పోయాయి. ఆ రోజు కర్రలు పీకి ఉంటే స్లాబు నిలిచేదో కూలేదో ఎవరూ చెప్పలేరు. నిలిచేదనే అనేవాడు మా ఆయన. తండ్రితో మాటలు మానేశాడు. కొన్నాళ్లు చూసి మామ ఊరికి పోతానని మూట కట్టుకున్నారు. బస్సెక్కుతూ, "వాడు మాట్లాడుతడు బిడ్డా. ఇయ్యాల గాకుంటె ఇంకోనాడు. నేను ఆగుత" అన్నారు.

మా ఆయన ఆ మాట మాట్లాడకముందే ఈ కబురు వచ్చింది.

మేం ఊరు చేరేసరికి మామను వాకిట్లో పడుకోబెట్టారు. భాగోతంలో అన్న వేషం కట్టిన ముసలాయన పక్క ఊరి నుంచి కర్ర పోటేసుకుంటూ వచ్చి తల దగ్గర కూర్చున్నాడు. "ఏటేటా నన్ను సంపితివి గదరా. నాకంటె నువ్వెట్ల ముందువడ్డవ్?" అని ఏడ్చాడు. పాడె లేచినప్పుడు వద్దన్నా వినకుండా తానూ వస్తానని బయల్దేరాడు.

ముందు నిప్పుల కుండ పట్టుకుని మా ఆయన. పక్కన, ఆయన భుజం పట్టుకుని ఆ ముసలాయన. నల్లటి మొగులు పట్టింది. "వాన వడ్తది, జల్ది నడువుండ్రి!" అని వెనక నుంచి కేకలు. మా ఆయన తిరిగి చూడలేదు. ముసలాయన ఒక అడుగు వేసేదాకా ఆగడం, తానొక అడుగు వేయడం. చినుకులు మొదలయ్యాయి. నిప్పుల మీద పడకుండా కుండకు అరచెయ్యి అడ్డం పెట్టి, పొలం గట్టు మీద అలాగే ఆగి ఆగి నడుస్తూ పోయాడు.