లీకుల మేస్త్రి నీటిగుంట

పొద్దున లేవగానే వంటింట్లో సింకు కింద మూలకి వెళ్ళి, బండల సందులోంచి ఊరిన నీళ్ళు గుడ్డతో అద్ది బకెట్లో పిండడం మూడేళ్ళపాటు నా మొదటి పని. మొహం కడుక్కోవడం కూడా దాని తర్వాతే. చివరి ఏడాది ఆ పనికి లెక్క కూడా తోడైంది. పెరటి గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటూ మా ఆయన అడిగేవారు, "ఏమే, ఇవాళెన్ని?" అని. ఎన్నిసార్లు గుడ్డ పిండానో చెప్పాలి. ఎనిమిదంటే నూనె రాసుకుంటూనే ఉండేవారు. ఏడంటే సుత్తి అందుకునేవారు హుషారుగా.

ఇప్పుడా మూల ఎండిపోయింది. గుడ్డ దండెం మీద అట్టకట్టి ఉంది. అయినా లేవగానే కాళ్ళు అటే వెళ్తాయి, చెయ్యి నేలని తడుముతుంది. పొడి. వంటిల్లు పొడిగా ఉంటే ఏ ఇల్లాలైనా సంతోషించాలి. నాకు ఆ సంతోషం ఎందుకు లేదో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి.

ఆయన తాపీమేస్త్రి. గోడలు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, కారే కప్పుని ఆపగలిగేవాళ్ళు మా వైపు ఆయనొక్కరే. అందుకే ఊరంతా లీకుల మేస్త్రి అనేవారు. అసలు పేరు గ్యాసు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. "మరక ఇక్కడుందని ఇక్కడ కొట్టకండి. నీళ్ళు దిగేది ఆ మూల" అనేవారు. అక్కడ పగలగొడితే అక్కడే ఉండేది. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే కారే కుళాయి దగ్గరికి వెళ్ళేవారు. మొదటిసారి నన్ను చూడ్డానికి మా ఇంటికొచ్చినప్పుడు కూడా ముందు మా నాన్న ఇంటి కప్పుకున్న మరకనే చూశారు. నన్ను తర్వాత చూశారు. "నిన్ను చూసే ఒప్పుకున్నాను గానీ, ఆ కప్పు చూసి జాలేసింది" అని పెళ్ళయిన ముప్ఫయ్యేళ్ళకి కూడా నవ్వించేవారు.

ఈ ఇల్లు మేము ఒక రిటైరైన నర్సు దగ్గర కొన్నాం. పెద్దావిడ. పెరటి గోడ అవతల ఒక పిల్లవాగు, దూకితే దాటేంత వెడల్పు. గోడకి ఇవతల మా పెరట్లో, రెండు మంచాలు పట్టేంత నీటిగుంట. మేము కొనేనాటికి చెత్త కింద వాగు కనపడేది కాదు, వాసనే వచ్చేది. గుంట నిండా తుంగ మొలిచి ఉంది. తాళాలు చేతిలో పెడుతూ ఆవిడ ఒక్క మాట అడిగింది.

"ఇల్లు నీ ఇష్టం బాబూ, ఏమైనా చేసుకో. ఆ గుంట మాత్రం పూడ్చకు."

"పూడ్చనమ్మా" అని మాటిచ్చారాయన.

ఇంట్లో దిగిన మొదటి వేసవి నుంచీ వాగు మీద పడ్డారు. ఆదివారాలన్నీ దానికే. రెండు వేసవులు ఇద్దరం మోకాలిలోతు బురదలో నిలబడి చెత్త లాగాం. టైర్లు, విరిగిన సింకు, ఒంటి చెప్పులు, పిల్లల పలకలు, ఒక పెద్ద పరుపు. ఆ పరుపు లాగుతుంటే పక్కింటి టైలరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. నన్ను అక్కా అని, ఆయన్ని బావగారూ అని పిలుస్తుంది.

"బావగారూ, ఆ చారల పరుపు బాగానే ఉన్నట్టుందే? ఎండలో వేస్తే పనికొస్తుందేమో!"

"చారలున్నాయని నీకెలా తెలుసమ్మా? మొత్తం బురదే కదా ఉంది దీనికి?"

టైలరమ్మ తల మళ్ళీ మూడు రోజులదాకా గోడ మీద కనపడలేదు. కానీ ఆ తర్వాత ఆ ఇంటి చెత్త వాగులో పడలేదు. ఆవిడే మిగతావాళ్ళని కూడా కసురుకునేది, "మా బావగారి నడుం పోతోంది, మీకు కళ్ళు కనపడవా?" అని.

రెండో వానలకి నీళ్ళు తేటగా వచ్చాయి. అడుగున గులకరాళ్ళు కనపడ్డాయి, గోరంత చేపలు కనపడ్డాయి. విచిత్రం ఏమిటంటే, మేము తుంగ పీకేసిన గుంట దానంతట అదే నిండింది. వాగు నుంచి దానికి కాలువ లేదు, బోదె లేదు. సాయంత్రం పనినుంచి వచ్చి ఆయన టీ గ్లాసు పట్టుకుని గుంట గట్టున కూర్చునేవారు. నేను పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుకునేదాన్ని. కప్పలు అరిచేవి. మా జీవితంలో బాగున్న రోజులంటే నాకవే గుర్తుకొస్తాయి. ఎన్నో లేవు.

అన్నీ బాగుంటే ఆయనకి తోచదు కదా. గుంటలో నీళ్ళు తెల్లవారేసరికి నిండుగా ఉండేవి, ఎండపడి సాయంత్రమయ్యేసరికి నాలుగు వేళ్ళు దిగేవి. ఇంకెవరైనా అయితే చూసి ఊరుకుందురు. ఈయన గట్టుకి మేకు కొట్టి కొలవడం మొదలుపెట్టారు.

"లీకవుతోందే ఇది."

"పొద్దున మళ్ళీ నిండుతోందిగా?"

"నిండితే? లీకు లీకే. లీకుల మేస్త్రి పెరట్లో లీకంటే రేపు నన్నెవడు పిలుస్తాడు?"

ఆ వేసవిలో గుంటలో నీళ్ళు తోడేశారు. అడుగు గట్టిపరిచి, కంకర వేసి, పైన మూడు పూతలు పూశారు. ఊళ్ళో ఎవరింటికీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. సిమెంటు పాలతో అద్దంలా నున్నగా తీర్చి, కుళాయి నీళ్ళు కట్టి, మేకు దగ్గర గుర్తు పెట్టారు. ఇరవైరెండు రోజులు చూశారు. ఎండకి ఆవిరయ్యేది తప్ప చుక్క దిగలేదు. వీధిలోవాళ్ళందరినీ పిలిచి చూపించారు. నేను కూడా గొప్పగానే నిలబడ్డాను పక్కన.

ఇరవైమూడో రోజుకి నీళ్ళు పచ్చబడ్డాయి. నెలకి దోమలు. కప్పలు ఎప్పుడు వెళ్ళిపోయాయో తెలియదు.

ఆ వానాకాలమే వంటింటి మూలలో బండల సందున చెమ్మ కనపడింది. ఆయన సందు తవ్వి, లీకులాపే మందు కూరి మూసేశారు. వారానికి పక్క సందులోంచి వచ్చింది. అది మూశారు. పొయ్యిగట్టు కింద నుంచి వచ్చింది. రెండేళ్ళు దాని వెంట పడ్డారు. ఆయన మూస్తూనే ఉన్నారు, నేను తుడుస్తూనే ఉన్నాను. వీధిలో నవ్వులు మొదలయ్యాయి.

"బావగారూ, మా కప్పు కారుతోంది, మీరు రావాలి" అంది ఒకరోజు టైలరమ్మ. "వద్దులెండి, ముందు మీ వంటిల్లు చూసుకోండి పాపం!"

ఆయన నవ్వారు. కానీ ఆ తర్వాత ఎవరింటి గోడకి అరచెయ్యి ఆనించినా కళ్ళు మూసుకోవడం మానేశారు. తన చేతి మీద తనకే నమ్మకం పోయింది.

ఆ మరుసటి ఏడు నర్సు పెద్దావిడ ఇటువైపు పనుండి వచ్చి, ఇల్లు చూసిపోదామని లోపలికొచ్చింది. పెరట్లోకి వెళ్ళి గుంట దగ్గర ఆగిపోయింది.

"పూడ్చొద్దన్నాను కదా బాబూ."

"పూడ్చలేదమ్మా! కారుతోందని ప్లాస్టరింగ్ చేశాను. ఇప్పుడు చుక్క కారదు."

"అది కారడం కాదయ్యా. అడుగున ఊట ఉంది. వాగులో నీళ్ళే భూమిలోంచి ఇలా వచ్చి పైకి తేలేవి. ఎండకి దిగేవి, తెల్లారేసరికి ఎక్కేవి. నువ్వు దాని నోరు మూసేశావు."

ఆయన చూపు నెమ్మదిగా గుంట మీంచి వంటింటి గోడకి వెళ్ళింది. నేను కూడా అటే చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. దారి మూసుకుపోయిన నీళ్ళు మా వంటింట్లోకి వచ్చాయి. వచ్చిన ప్రతిచోటా మళ్ళీ మూశాం.

పెద్దావిడ వెళ్ళాక ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు ముందు వంటింట్లోకి వెళ్ళి సింకు కింద కూరిన మందంతా ఉలితో తీసేశారు. "అక్కడ దారి దొరికేదాకా ఇక్కడైనా రానీ" అన్నారు. తర్వాత గుంటలోకి దిగారు.

అప్పటికి ఆయనకి అరవై రెండు. మోకాళ్ళు వంగవు. నాలుగు దెబ్బలు కొడితే ఆయాసం. వేరే మేస్త్రిని పిలుద్దామంటే ఒప్పుకోలేదు. ఆయన చేసిన పని మామూలుది కాదాయె, రోజుకి జానెడు కూడా ఊడేది కాదు. "ఇంత గట్టిగా ఏ చచ్చినోడు చేశాడే దీన్ని!" అని తనని తానే తిట్టుకునేవారు. నేను గట్టు మీంచి, "ఎవరో లీకుల మేస్త్రి అటండీ, చాలా పేరున్న మనిషి" అనేదాన్ని. "దొరకనీ, వాడి పని చెప్తాను" అనేవారు.

నా లెక్క అప్పుడు మొదలైంది. అక్కడ తెరిచేకొద్దీ ఇక్కడ తగ్గాలి, అదీ ఆయన లెక్క. తొమ్మిదితో మొదలై ఎనిమిదికి, ఏడుకి వచ్చింది. వేసవి వచ్చేసరికి ఆరు. గుంట సగం పగిలింది. కానీ అడుగున ఎర్రమట్టి పొడిగానే ఉంది. వాగు కూడా సన్నబడింది. "ఎండలు కదా" అన్నారు.

ఒకరోజు కూరలు తెచ్చుకుని అడ్డదారిన వస్తుంటే వాగు ఎగువ మలుపు దగ్గర కొత్త గోడౌను కనపడింది. లోపల నేలంతా సిమెంటు. వాగు లేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాను.

"ఇక్కడ వాగుండాలి కదయ్యా?"

"వాగేంటమ్మా? ఆ మురుక్కాలవా? పైపులో వేసి రోడ్డు డ్రైనేజీలో కలిపేశారుగా. మూడు నెలలైంది."

సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ ఇంటికొచ్చాను. తగ్గుతున్న లెక్క ఊట దారి మళ్ళడం కాదు, ఊట చచ్చిపోవడం. ఆయన గుంటలో కూర్చుని కొడుతున్నారు. చెప్పాలని దగ్గరికి వెళ్ళాను. "ఉల్లిపాయలు తెచ్చాను" అని చెప్పి లోపలికి వచ్చేశాను.

మర్నాడు నాలుగే పిండాను. చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక నేను చెయ్యకూడని పని చేశాను. తర్వాతి రోజునుంచి ఆయన లేవకముందే, పిండిన నీళ్ళకి ఇంకో చెంబెడు కలిపి, గుంట అడుగున పగిలిన చోట పోసి వచ్చేదాన్ని.

"చెమ్మొచ్చిందే! ఇలా రా!" అని కేకేశారు మొదటిరోజు. వంగలేక వంగి తడిమట్టికి అరచెయ్యి ఆనించారు. చాలా రోజుల తర్వాత కళ్ళు మూసుకున్నారు. ఆ చెయ్యి గోడ వెనక నీటిని కనిపెట్టే చెయ్యి. చాలాసేపు అలాగే ఉంచారు. కళ్ళు తెరిచి ఉలి అందుకున్నారు.

పదిరోజులు అలా పోశాను. పదకొండో రోజు సాయంత్రం టీ తాగుతూ అడిగారు.

"ఏమే, ఊటనీళ్ళకి ఫినాయిల్ వాసన ఎందుకొస్తుందంటావు?"

చెమ్మ వాసన పోవడానికి నేను పిండే బకెట్లో రోజూ ఫినాయిల్ వేసేదాన్ని, ఆ సంగతే మర్చిపోయాను. గ్లాసు కింద పెట్టి నా మొహం వైపు చూడకుండా అన్నారు, "మరీ అంత కలపకు. మొక్కలు చస్తాయి."

"వాగు మూసేశారండీ" అన్నాను ఏడుస్తూ. మలుపు దగ్గర చూసిందంతా చెప్పాను.

"అనుకున్నాను. ఎంత ఎండైనా వాగలా ఎండదు."

"మరి ఇంకెందుకండీ ఈ కొట్టడం? మోకాళ్ళు పోతున్నాయి."

"మూసింది నేను కదే. నేనే తెరవాలి. రావడం, రాకపోవడం దాని ఇష్టం."

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు కొట్టారు. వేసవి చివర ఒక మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు. నాలుగింటికి టీ పెట్టి పిలిస్తే లేవలేదు. గుంటలో ఇంకా పావుభాగం నున్నగా మెరుస్తూ అలాగే ఉంది.

ఈసారి వానలు బాగానే పడ్డాయి. గుంటలో పడ్డ వాన గుంటలోనే ఇంకిపోయింది. వాగులో ఎక్కడి నీళ్ళు అక్కడ నిలబడి నల్లబడ్డాయి. వీధిలోవాళ్ళు మళ్ళీ సంచులు విసురుతున్నారు. టైలరమ్మ ఇప్పుడెవరినీ కసరదు. మొన్న గోడ దగ్గర నిలబడి, "ఏం చేస్తాం అక్కా" అని వెళ్ళిపోయింది. నిజమే, ఏమీ చెయ్యలేం.

మా అమ్మాయి పోయిన ఆదివారం వచ్చింది. గుంట పూడ్పించి బండి పెట్టుకోవడానికి చోటు చేద్దామంది. చూద్దాంలే అన్నాను. వంటింట్లో సింకు కింద సందు చూసి చిరాకు పడింది.

"అమ్మా, దీంట్లోంచి బొద్దింకలొస్తున్నాయి. ఎలాగూ ఆరిపోయింది కదా, మూసెయ్యి. నాన్న నీకు మాలు కలపడం నేర్పారుగా?"

నేర్పారు. నిన్న పొద్దున ఒకటికి మూడు చొప్పున సిమెంటు, ఇసుక తట్టలో పోసి, మధ్యలో గుంట చేసి నీళ్ళు పోసి కలిపాను. ఆయన తాపీ కడిగి తెచ్చుకున్నాను. సింకు కింద కూర్చుని సందు మీద అరచెయ్యి ఆనించాను. పొడిగానే ఉంది. ఒక చీమ వచ్చి నా వేలు దాటి వెళ్ళింది. నీళ్ళు వస్తాయని నేనేమీ అనుకోలేదు. రావు. ఆ సంగతి నాకు తెలుసు.

తాపీ తట్ట పక్కన పెట్టి లేచి వంట చేసుకున్నాను.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. "మూసేశావా?"

"మాలు గట్టిపడిపోయిందే."

"అయ్యో, అయితే రేపు మళ్ళీ కలుపు."

"ఊఁ" అన్నాను. కలపలేదు.